అంట్లు తోమనన్న అమ్మ కొండ

నెలల తరబడి రోజూ తెల్లవారుజామున ఐదు కిలోల బియ్యం నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట పైకి మోసుకెళ్లాను. అవే బియ్యం మళ్లీ ఇంటికి మోసుకొచ్చాను. నాతోపాటు మా తోటికోడలు కూడా. మెట్ల మీద ఎదురైనవాళ్లు సంచుల్లో ఏముందని అడిగితే మొదట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లం. బియ్యం అనగానే ఇంకో పది ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. వారం తిరిగేసరికి మా తోటికోడలు ఉపాయం కనిపెట్టింది. "మొక్కు ఉంది" అని ముక్తసరిగా చెప్పి ముందుకు నడిచేది. మొక్కు అన్నాక మన దగ్గర ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. పైన దర్గా దగ్గర ఊడ్చే పెద్దాయన ఒక్కడే ఊరుకోలేదు. "రోజూ తెస్తారు, రోజూ తీసుకుపోతారు. ఇదెక్కడి మొక్కు తల్లీ?" అన్నాడు.

అది కల్సూబాయి మొక్కు. మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. 1,646 మీటర్లు, పాత లెక్కలో 5,400 అడుగులు. హిమాలయాలు ఎక్కి వచ్చినవాళ్లకు అదొక లెక్క కాదని నాకు తెలుసు. కానీ నాకు నలభై ఆరేళ్లు. మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచే ఉద్యోగం. మా అన్న కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, రెండు రోజులు సెలవు దొరికితే చాలు కొండలు పట్టుకుని తిరుగుతుంటాడు. కిందటేడు ఆ శిఖరం మీద దిగిన ఫోటో పంపాడు. వాడి బూట్ల కింద మబ్బు! వాడి మొహం కన్నా ఆ మబ్బునే ఎక్కువసేపు చూశాను. మాకు మబ్బు ఎప్పుడూ నెత్తి మీదిదే. ఏడాది మొత్తానికి 750 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా పడే జిల్లా మాది. జూన్ వచ్చిందంటే చాలు, ఊరంతా మెడలెత్తి అప్పులవాడి రాక కోసమో, అల్లుడి రాక కోసమో తెలియనట్టు దానివైపే చూస్తుంటుంది. అలాంటి మబ్బును కాళ్ల కింద పెట్టుకుని నవ్వుతున్నాడు వీడు.

"అత్తమ్మా, నిన్ను కూడా తీసుకెళ్తాను" అన్నాడు, మాటవరసకు. వాడు మాటవరసకే అన్నాడు, నేను అలా తీసుకోలేదు.

ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని రోజులు?" అని. రెండోది "వంట?" అని. మా తోటికోడలు తన ఇంట్లో ఈ రెండు ప్రశ్నలకూ అవకాశం ఇవ్వలేదు. "అక్క ఒక్కతే ఎలా పోతుంది, తోడుగా పోతున్నాను" అంది. అంటే నాకు తోడు రావడం ఆమెకు బాధ్యత అయింది, నాకేమో కొండ ఎక్కడం పిచ్చి అయింది. ఆమె తెలివితేటలు ఎప్పుడూ అంతే.

అసలు అడ్డంకి వేరే ఉంది. మా పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆ పేరు వింటే మా జిల్లావాళ్లకు ఇంకేమీ చెప్పక్కరలేదు. పెళ్లయి నల్లగొండ వచ్చేదాకా ఇరవై ఏళ్లు నేను తాగింది బోరు నీళ్లే. మా నేలంతా గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మా చిన్నప్పుడు దాటిందా లేదా అని కొలిచి చెప్పినవాళ్లు లేరు. మా పళ్లే చెప్పేవి. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటై, ఆనందం వచ్చినా దాచుకునే మనిషినని ఆఫీసులో పేరు పడింది. మా అమ్మకు పళ్లతో పోలేదు. వెన్ను బిగుసుకుంది, మెడ బిగుసుకుంది, మోకాళ్లు పూర్తిగా చాపలేదు. వంగి నడుస్తుంది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే నడుము నుంచి వెనక్కి వాలాలి. కృష్ణా నీళ్లు నల్లాలో రావడం మొదలైనాక ఊళ్లో పిల్లల పళ్లు తెల్లగా వస్తున్నాయి. కానీ ఎముకకు ఎక్కింది ఎక్కిందే.

అందుకే నా మోకాళ్ల మీద నాకు నమ్మకం తక్కువ. పొద్దున లేవగానే కాస్త పట్టేసినట్టుంటే చాలు, వచ్చేసిందేమో అనుకుంటాను. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి, సంగతంతా చెప్పి, ఎక్స్‌రే తీయించుకున్నాను. ఆయన ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూస్తున్నంతసేపు నాకు ఊపిరి ఆడలేదు. "మీ వయసుకు ఉండాల్సిన అరుగుదలే ఉంది. మోకాలు అరగడం కాదు మీ సమస్య, తొడలో బలం లేకపోవడం. కూర్చునే ఉద్యోగమా?" అన్నాడు. ఆ మాట వినడానికి నేను ఇరవై ఏళ్లు ఆగాను. అంతకుముందే ఎందుకు వెళ్లలేదంటే, ఇంకో మాట వినాల్సి వస్తుందేమోనని భయం.

ఇక గుట్ట. నల్లగొండ ఊరికి రెండు గుట్టలు కావలి ఉంటాయి, కాపురాల గుట్ట ఒకటి, లతీఫ్ సాహెబ్ గుట్ట ఒకటి. మేం రెండోదాన్ని పట్టుకున్నాం. మేనల్లుడు ఫోనులోనే పాఠం చెప్పాడు. మొదటి రెండు వారాలు ఖాళీ చేతులతో ఎక్కి దిగండి. తరవాత వీపున రెండు కిలోలు. అక్కణ్నుంచి మెల్లగా ఐదు. ఎక్కేటప్పుడు మాట్లాడగలిగినంత నెమ్మదిగా ఎక్కండి, మాట ఆగిపోతే అడుగు తగ్గించండి. మా ఇద్దరి విషయంలో ఈ సూత్రం పనికిరాలేదు. మా తోటికోడలికి ఆయాసం వచ్చినా మాట ఆగదు.

పది రోజులకే ఒక సంగతి తెలిసింది. ఎక్కడం గుండె పని, దిగడం మోకాలి పని. ఎక్కేటప్పుడు రొప్పుతాం, నిలబడితే తగ్గుతుంది. దిగేటప్పుడు రొప్పు ఉండదు కాబట్టి సులువనుకుంటాం. మెట్టు మెట్టుకూ ఒంటి బరువంతా, తరవాత తరవాత దాని మీద ఐదు కిలోల బియ్యమూ వచ్చి మోకాలి చిప్ప మీద పడుతుంది. కాలు నిటారుగా చాచి మెట్టు మీద గుద్దితే నొప్పి. మోకాలు కాస్త వంచి, పాదం కొద్దిగా అడ్డంగా పెట్టి, పిల్లిలా దిగితే నొప్పి లేదు. అది కాళ్లకు అలవాటు కావడానికి నెల పట్టింది. సెప్టెంబరు వచ్చేసరికి పైన నిలబడి పానగల్లు వైపు ఉదయ సముద్రం నీటి మీద వెలుగు పడటం తీరుబడిగా చూసే ఓపిక వచ్చింది. అంతకుముందు పైకి చేరగానే నేల చూస్తూ కూర్చోవడమే.

ఒక ఆదివారం భువనగిరి కోట ఎక్కాం. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఊరు, ఏకశిల మీద కోట. చివరికి వచ్చేసరికి మెట్లు అయిపోయి రాతి మీదే చెక్కిన గంట్లు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కడ్డీ. ఓ పక్కన పిల్లలు నడుముకు తాళ్లు కట్టుకుని బండ పాకుతున్నారు. మాలావత్ పూర్ణ ఇక్కడే నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ మాట చెబితే మా తోటికోడలు బండ మీద చతికిలబడి, "ఆ వయసులో నేను ఇంట్లో చెప్పకుండా సినిమాకు పోయి దెబ్బలు తిన్నాను" అంది.

నా వైపు నుంచి జరిగిన పెద్ద పొరపాటు బూట్లు. దుకాణంలో కాలికి అచ్చంగా సరిపోయినవి కొన్నాను. చెప్పులైనా జాకెట్టైనా సరిగ్గా సరిపోతే మంచిదని పెరిగినవాళ్లం కదా. కొండకు వేసుకునే బూటు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలని, సాయంత్రం పూట పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు మందపాటి మేజోళ్లతో వేసుకుని చూడాలని మేనల్లుడు చెప్పాడు. చెప్పేసరికే కొనేశాను. మార్చుకుందామంటే అప్పటికే గుట్ట మట్టి అంటింది. పోనీలే అనుకున్నాను. ఆ పోనీలే సంగతి తరవాత చెబుతాను.

వెళ్లే రోజు కుదరడం ఇంకో తంతు. మేనల్లుడు దసరా సెలవుల్లో పోదామన్నాడు. బతుకమ్మ వదిలి వచ్చే ఆడవాళ్లెవరు? సద్దుల బతుకమ్మ ఆడి, దసరా జమ్మి తెచ్చుకుని, ఆశ్వయుజ పున్నమికి అందుకునేలా బయల్దేరాం. పైగా పున్నమి అయితే రాత్రి ఎక్కడానికి వెన్నెల ఉంటుందని మా లెక్క. సికింద్రాబాదులో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారకముందే నాసిక్ రోడ్‌లో దిగి, అక్కణ్నుంచి ఘోటీ మీదుగా జీపులో బారీ అనే ఊరు చేరాం. కల్సూబాయి పాదాల దగ్గరి ఊరు అదే. జీపు దిగి తల ఎత్తితే కొండ సగం దాకానే ఉంది. మిగతా సగం మబ్బులో పోయింది. మా తోటికోడలు ఒక్కసారిగా మాట ఆపేసింది. మూడు నెలల్లో అదే మొదటిసారి.

దిగిన ఇల్లు ఒక రైతు కుటుంబానిది. ఇల్లాలికి నా వయసే ఉంటుంది. పిండి కలిపి అరచేతుల మధ్య తట్టి భాక్రీ చేస్తుంటే, ఆ చప్పుడు విని నేను వంటింట్లోకి పోయాను. అచ్చం మా అమ్మ జొన్నరొట్టె చప్పుడు. మా ఇద్దరి మధ్యా ఉన్నది సగం సగం హిందీ. నాది నల్లగొండ హిందీ, ఆమెది మరాఠీ కలిసిన హిందీ. రొట్టె గురించి మాట్లాడుకోవడానికి అది సరిపోయింది. శనగపిండితో చేసిన పిఠ్లా, పచ్చిమిరప నూరిన కారం పెట్టింది. తిన్నాక పెరట్లో అంట్లు తోముతూ కల్సూబాయి కథ చెప్పింది. నేను కూడా పక్కన కూర్చుని ఒక పళ్లెం అందుకోబోతే చెయ్యి తోసేసింది.

కల్సు అనే పిల్ల ఉండేదట. కోళీ అనే తెగ పిల్ల. అడవులు పట్టి తిరగడం ఆమెకు ఇష్టం. తిరుగుతూ తిరుగుతూ ఈ కొండ కిందికి వచ్చి, ఒక పటేలు ఇంట్లో పనికి కుదిరింది. కుదిరేటప్పుడే షరతు పెట్టింది, అంట్లు తోమను, ఊడవను, మిగతా పని ఏదైనా చేస్తానని. అంతా బాగానే సాగింది. ఒకరోజు ఇంటికి బంధువులు వచ్చారు. ఎవరో ఆ గిన్నెలు కాస్త తోమమన్నారు. తోమింది. తోమి, మాట తప్పారని, కొండెక్కి పోయింది. మళ్లీ కిందికి రాలేదు. అక్కడే అమ్మవారైంది. "ఆమె గిన్నెలు తోమిన చోటు దారిలోనే ఉంది" అంటూ ఆ ఇల్లాలు చేతిలో ఉన్న గిన్నె కడిగి బోర్లించింది. నేను మా తోటికోడలి వంక చూశాను, ఆమె నా వంక చూసింది. మా ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చిందని వేరే చెప్పక్కరలేదు. ఇన్నాళ్లూ కొండ మీది దేవుళ్లంటే తపస్సు చేసినవాళ్లో, రాక్షసుణ్ని చంపినవాళ్లో అనుకున్నాం. ఇంత సబబైన కారణానికి కొండెక్కిన అమ్మవారిని మొదటిసారి విన్నాం.

ఆ రాత్రి వాళ్లకు కోజాగిరి పండుగ. వెన్నెల్లో పాలు కాచి, అందులో చక్కెర, బాదం, యాలకులు వేసి తాగుతారు. చంద్రుడు పలచటి తెర వెనక దీపంలా ఉన్నాడు. తలా ఒక గ్లాసు మాకూ ఇచ్చారు. రెండు గంటలకు లేవాలని తొమ్మిదికే పడుకున్నాం. నిద్ర పట్టలేదు. బూట్లు తలకింద పెట్టుకుని పడుకున్న మేనల్లుడు మాత్రం గురక పెట్టాడు.

రెండింటికి బయల్దేరాం. మొదట పొలాల గట్లు, చిన్న వాగు, కొండ ఎక్కలేనివాళ్లు మొక్కుకోవడానికి కట్టిన చిన్న గుడి. అక్కణ్నుంచి ఎక్కుడు మొదలు. రాయి తేడా చీకట్లోనే పాదాలకు తెలిసింది. మాది గ్రానైటు, 250 కోట్ల ఏళ్ల నాటి గరుకు రాయి, చెప్పుతో నడిచినా పట్టుకుంటుంది. ఇది బసాల్టు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల పగిలి లావా పొర మీద పొరగా పారి గడ్డకట్టిన నల్లరాయి. అందుకే సహ్యాద్రి కొండలు దూరం నుంచి మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. నాలుగు నెలలు వాన తాగిన ఆ రాయి మీద సన్నటి పాకుడు. అర్ధగంటలో రెండుసార్లు జారాను. రెండోసారి మేనల్లుడు, "అత్తమ్మా, రాయి మీద కాదు, రాళ్ల మధ్య మట్టి మీద అడుగు పెట్టు" అన్నాడు. మా గుట్ట మీద నేర్చుకున్నది సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ మట్టి జారుతుంది, బండ కాస్తుంది.

నిటారు చోట్ల ఇనుప నిచ్చెనలు బిగించారు. నిచ్చెన అంటే రెండు పక్కలా పట్టుకునే కడ్డీలున్న ఇనుప మెట్లు. మొదటిది ఎక్కేటప్పుడు కడ్డీ ఎంత చల్లగా ఉందంటే, అరచేతికి అంటుకుపోతుందేమో అనిపించింది. దాని మీద నీటి బొట్లు వరసగా, తోరణం కట్టినట్టు వేలాడుతున్నాయి. నేను చెయ్యి జరిపినప్పుడల్లా అవి మోచేతి దాకా కారేవి. కింద ఏముందో కనిపించలేదు. అదే మేలయింది. పగలైతే ఆ నిచ్చెన ఎక్కేదాన్ని కానేమో.

రెండో నిచ్చెన దాటాక మబ్బులోకి వెళ్లాం. మబ్బులోకి వెళ్లడమంటే ఏదో గుమ్మం దాటినట్టు ఉండదు. మొదట వెనకాల వస్తున్న మా తోటికోడలి తల దీపం మసకబారింది. తరవాత నా దీపమే నాకు శత్రువైంది. నుదుటికి కట్టుకున్న ఆ లైటు వెలుగంతా ఎదురుగా తెల్లగోడ కట్టి, అడుగు ముందు ఏముందో కనపడనివ్వలేదు. మేనల్లుడు దీపాలు ఆర్పమన్నాడు. ఆర్పితే విచిత్రంగా దారి కనిపించింది. పైనుంచి వెన్నెల మబ్బులోకి ఇంకి, అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తోంది. నీడ లేదు. నా చేతికీ నీడ లేదు, రాయికీ నీడ లేదు. కనుబొమ్మల మీద, శాలువా ఉన్ని మీద నీళ్లు చేరాయి. మబ్బుకు వాసన ఉంటుందా అంటే, ఉంది. అప్పుడే కడిగిన పలక వాసన. ఆ గంటసేపూ మోకాళ్ల సంగతి గుర్తే రాలేదని తరవాత గానీ తట్టలేదు.

చివరి నిచ్చెన మొదట్లో ఉండగా ఒక నక్షత్రం కనిపించింది. తరవాత నాలుగు. నిచ్చెన మధ్యకు వచ్చేసరికి నడుము దాకా మబ్బులో ఉండి, పై సగం బయట ఉన్నాను. చెరువులోంచి లేచినట్టు. పైకి చేరి, గుడి గోడకు వీపు ఆనించి కూర్చుని, అప్పుడు చూశాను.

అందరూ దూదిలా ఉంటుందని రాస్తారు. పత్తి ఏరిన చేతులకు ఆ పోలిక ఒప్పదు. పత్తికి గింజ ఉంటుంది, కాయ మొన వేలికి గుచ్చుకుంటుంది, బరువు ఉంటుంది. నాకు గుర్తొచ్చింది నాగార్జున సాగర్. చిన్నప్పుడు 26 గేట్లూ ఎత్తారని విని, లారీ ఎక్కి మరీ చూడటానికి వెళ్లాం. పడమర వైపు రెండు కొండల నడుమ పల్లంలోంచి మబ్బు అలాగే పొర్లి కిందికి దూకుతోంది. అదే వాలు, అదే నురగ. తేడా ఒక్కటే, చప్పుడు లేదు. సాగర్ దగ్గర మా నాన్న చెవిలో అరిచినా వినిపించలేదు. ఇక్కడ మా తోటికోడలు బుగ్గన వేసుకున్న సోంపు నమలడం వినిపిస్తోంది. తూర్పున ఆకాశం ఎర్రబడుతుంటే పడమట చంద్రుడు ఆ తెల్లటి దానిలోకి దిగుతున్నాడు. అలంగ్, మదన్, కులంగ్ కోటల తలలు మాత్రం మూడు నల్లటి పడవల్లా తేలుతున్నాయి.

మబ్బు కింద ఎందుకుండిపోతుందో మేనల్లుడు చెప్పాడు. రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు కాబట్టి లోయల్లోకి జారి పోగవుతుంది. అప్పుడే వానాకాలం వెళ్లిన నేలలో తేమకు కొదవ లేదు, అక్కడే మబ్బు కడుతుంది. దాని పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది. ఎండెక్కి నేల వేడెక్కితే గానీ ఆ మూత తెరుచుకోదు. అందుకే వానలు తగ్గాక, తెల్లవారుజామునే రావాలి, తొమ్మిదింటికి వచ్చినవాళ్లకు ఎండ తప్ప ఏమీ మిగలదు. నాకు ఇదంతా ఇడ్లీ పాత్ర భాషలో బాగానే అర్థమైంది.

సూర్యుడు బారెడు పైకి వచ్చాక పడమటి అంచు వైపు వెళ్లాం. కింద మబ్బు మీద మా నీడలు పడ్డాయి, పొడుగ్గా, తాటిచెట్ల మాదిరి. చూస్తుండగా నా నీడ తల చుట్టూ రంగుల గుండ్రం ఏర్పడింది. లోపల పచ్చ, అంచున ఎరుపు, చిన్న ఇంద్రధనుస్సును చుట్ట చుట్టినట్టు. "నా తల చుట్టూ చూడు!" అన్నాను. "మీ తల చుట్టూ ఎక్కడుంది అక్కా, నా తల చుట్టూ కదా!" అంది మా తోటికోడలు. నేను వేలు పెట్టి చూపించాను. ఆమె తన వేలు పెట్టి చూపించింది. ఇద్దరం ఒకే మబ్బు వైపు చూస్తూ, గట్టిగానే వాదించుకున్నాం. పదమూడేళ్ల కిందట గాజుల దగ్గర పడిన గొడవ కూడా ఇంత దూరం పోలేదు. మేనల్లుడు నవ్వి, ఇద్దరూ నిజమే చెబుతున్నారన్నాడు. వెనక నుంచి వచ్చిన వెలుగు మబ్బులోని నీటి తుంపరల మీద పడి వచ్చిన దారినే తిరిగి వస్తుందట. తన కంటికి చేరే వెలుగునే ఎవరైనా చూడగలరు కాబట్టి, ఎవరి తల చుట్టూ వలయం వాళ్లకే కనిపిస్తుంది. పక్కవాళ్ల తల చుట్టూ ఎప్పటికీ కనపడదు. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న హరిశ్చంద్రగడ్ కొండ అంచున కనిపించే ఇలాంటి వలయాన్ని ఇంద్రవజ్రం అంటారట. మా తోటికోడలు ఈ వివరణంతా విని, "సరే, కానీ నాది పెద్దది" అంది.

గుడి చిన్నది. ఇద్దరు పట్టడమే కష్టం. ఇంటి నుంచి తెచ్చిన మలీద ముద్దలు డబ్బాలోంచి తీసి ఒకటి అమ్మ ముందు పెట్టాను. మొక్కుకోవడానికి కళ్లు మూసుకున్నాక ఏం అడగాలో తోచలేదు. అంట్లు తోమనని వచ్చేసినావిడను సంసారం గురించి ఏమని అడుగుతాం? ఊరికే నిలబడి వచ్చాను.

ఎనిమిదింటికి మూత తెరుచుకుంది. మబ్బు చిరిగిపోయి, దక్షిణాన భండార్‌దరా జలాశయం కనిపించింది. ప్రవర నది మీద 1926లో పూర్తయిన ఆనకట్ట. ఆ ప్రవర పోయి గోదావరిలో కలుస్తుంది. దిగేటప్పుడు దారి పొడవునా పసుపుపచ్చ పూలు, సోన్కీ అంటారట. రాత్రి ఎక్కేటప్పుడు వీటి మధ్యనుంచే వచ్చామని తెలియదు. తంగేడు చూసినట్టే చేతులు దురద పెట్టాయి. అది అభయారణ్యం, పువ్వు తెంపకూడదు. బతుకమ్మ వెళ్లిపోయి వారమే అయింది, అలవాటు ఎక్కడ పోతుంది?

ఇక బూట్ల సంగతి. దిగుడు మొదలైన గంటకే కాలి బొటనవేళ్లు రెండూ బూటు ముందు గోడకు గుద్దుకోవడం తెలుస్తోంది. అడుగు అడుగుకూ ఎవరో సుత్తితో కొట్టినట్టు. మోకాళ్లు నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. మూడు నెలలు దేనికి భయపడ్డానో అది బాగానే ఉంది, లెక్కలోకి తీసుకోని గోళ్లు పగ తీర్చుకున్నాయి. నిచ్చెనలు వెనక్కి తిరిగి, ఇంటి అటక దిగినట్టు దిగాను. చివరి గంట బూట్లు విప్పి చేత్తో పట్టుకుని మేజోళ్లతో నడిచాను. ఎదురొస్తున్న పదహారేళ్ల పిల్లలు జాలిగా చూశారు. బారీలో ఆ ఇల్లాలు వేడినీళ్లలో ఉప్పు వేసి తెచ్చి, నా పాదాలు అందులో పెట్టించింది. రెండు గోళ్లూ నేరేడు పండు రంగుకు తిరిగాయి. నెల తరవాత ఒకటి ఊడింది, ఇంకోటి వేలాడుతోంది.

నల్లగొండ వచ్చిన మూడోరోజు ఆ ఐదు కిలోల బియ్యం, తోటికోడలి ఐదు కిలోలు కలిపి దర్గా దగ్గరి పెద్దాయనకు ఇచ్చి వచ్చాం. ఆయన సంచీ చేత్తో ఎత్తి చూసి, "తీరిందా మొక్కు?" అన్నాడు.

ఆ ఆదివారం మర్రిగూడ వైపు వెళ్లాను. అమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. ఫోటో చూపిద్దామని ఫోను మొహం ముందు పెట్టాను, మర్చిపోయి. ఆమె తల అంతెత్తు రాదు. ఫోను తీసి ఒళ్లో పెట్టాను. మెడ వంగి ఉన్నట్టే ఉండి, కిందికి చూసింది. చాలాసేపు చూసింది.

"పొగా?"

"మబ్బు అమ్మా."

"మబ్బు కిందుందేమిటి?"

"నేను పైన ఉన్నాను."

చాటలోని కందులు పక్కకు జరిపి, గోటితో ఫోటో మీద ఒక చోట తట్టింది. "ఇది కురిసిందా?"

లేదన్నాను. ఎనిమిదింటికల్లా విడిపోయిందన్నాను.

"కురవని మబ్బు మన దగ్గర లేదా ఏమిటి, అంత దూరం పోయావు" అని ఫోను తిరిగి ఇచ్చేసి, నా కాలు ఒళ్లోకి లాక్కుని గోరు చూడటం మొదలుపెట్టింది.